చీమలకూ మంద ఉంటుంది

మా మామ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను కోస్గి అంగట్లో చిక్కుడుకాయ తూకం వేస్తున్నాను. ఫోన్లో మా ఇంటాయన. "నాయిన పోయిండు. సామాను సదురుకొని జల్ది రా," అన్నాడు. ఎదురుగా నిలబడ్డ ఆమెకు ఏం తెలుసు, కొసరు కోసం సంచి ఇంకా తెరిచే పట్టుకుంది. పిడికెడు కాయలు వేశాను. ఇంకో పిడికెడు కూడా వేశాను. నా మొహం చూసి ఏమనుకుందో ఏమో, సంచి మూసుకుని వెళ్ళిపోయింది. గంపలో మిగిలిన కాయల మీద తడిబట్ట కప్పుతుంటే అప్పుడొచ్చింది ఏడుపు. అంగడి నడుమ కూర్చుని, పక్కన కూరగాయలు పెట్టుకున్నవాళ్ళంతా చూస్తుండగా, సిగ్గూ శరం లేకుండా ఏడ్చాను.

కోడలు మామ కోసం ఏడిస్తే నలుగురూ చూడాలని ఏడ్చిందంటారు. అనుకోనీ. మా మామ ఎలాంటివాడో అనుకునేవాళ్ళకు తెలియదు. నాకు మాత్రం మొదటి నుంచీ తెలుసా ఏమిటి! పెళ్ళయిన కొత్తలో మామ అంటే ఒక గొంగడి, ఒక కర్ర, వాకిట్లో గొర్రెల వాసన, అంతే. నడక నేర్చినప్పటి నుంచి మంద వెంట నడిచిన మనిషి. ఎండాకాలం మా దగ్గర గడ్డి పరక దొరకదు కాబట్టి మందను తోలుకుని హాలియా దిక్కు, సాగర్ కాలువ కింద కోసిన పొలాల్లోకి వెళ్ళేవాడు. వానలు పడితేగానీ ఇల్లు చేరేవాడు కాదు. చేరినా మాతో మాట్లాడేది తక్కువ, గొర్రెలతో మాట్లాడేది ఎక్కువ. మా అత్త బతికున్న రోజుల్లో, "నాకు తోక లేదు గద, అందుకే నాతోని మాట్లాడడు," అని నవ్వేది.

తెలంగాణ వచ్చిన తరువాతి ఏళ్ళలో మా ఊరి చుట్టూ ఉన్న బీళ్ళలో ప్లాట్ల రాళ్ళు పాతారు, కంచెలు వేశారు. మేపే జాగా తగ్గింది. దానికి తోడు మామ మోకాలు మొండికేసింది. మా ఇంటాయన ట్రాక్టరు నడుపుతాడు, గొర్రెల వెంట తిరిగే ఓపిక ఆయనకు లేదు. ఇంకేముంది, మందను అమ్మేశారు. గొర్రెలు లారీ ఎక్కిన రోజు మామ వాకిట్లోకే రాలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ తరువాత అలాగే ఉండిపోయాడు. చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చునే మనిషి, పొద్దెక్కినా కుక్కిన పేనులా మంచంలో పడి ఉండేవాడు. రొట్టె పెడితే సగం తిని పక్కకు జరిపేవాడు. పాలమూరు దవాఖానకు తీసుకుపోతే అన్ని పరీక్షలూ చేసి, రోగమేం లేదన్నారు. రోగం ఏమిటో నాకు తెలుసు. కాయడానికి ఏమీ లేని కాపరి ఎన్నాళ్ళని బతుకుతాడు? ఈ మనిషి ఇలాగే మా కళ్ళ ముందు ఆరిపోతాడని నాకు భయం పట్టుకుంది.

ఇంటి వెనక పెరడు నాది. చిక్కుడు పందిరి, వంకాయ, బెండ, కాకర, నాలుగు టమాట సాళ్ళు. అంగడి రోజు కోస్గికి గంప మోసుకుపోయేదీ నేనే. ఒకరోజు పొద్దున గంప ఎత్తుకుంటూ మామతో, ఊరికే పడుకునే బదులు జర చెట్ల దగ్గర కూర్చోరాదా, చిక్కుడుకు పేను పట్టింది అన్నాను. ఏదో ఒక మాట అనాలని అన్నాను. చిక్కుడు లేత తీగల మీద గుంపులు గుంపులుగా పట్టి రసం పీల్చే నల్లటి చిన్న పురుగుల్ని మా దగ్గర పేను అనే అంటాం. పుస్తకాల్లో పేనుబంక అని రాస్తారు.

పేను అన్న మాట వినగానే మామ లేచి కూర్చున్నాడట. తరువాత తెలిసింది. పేను అంటే ఆయనకు తెలియనిదా! గొర్రెకు పేను పడితే ఏం చేయాలో ఊరికంతా చెప్పింది ఆయనే. సీతాఫలం గింజలు దంచాడు. దాచిపెట్టుకున్న కానుగనూనె తీసి అందులో కలిపాడు. పాత గుడ్డ ముంచి, ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా పందిరి కింద నిలబడి, ఒక్కో తీగనూ ఒక్కో ఆకునూ ముందూ వెనకా, గొర్రె చెవి రుద్దినట్టు రుద్దాడు. నేను అంగడి నుంచి వచ్చేసరికి పందిరంతా నిగనిగా మెరుస్తోంది, కింద మామ చెమటతో మెరుస్తున్నాడు. సాయంత్రానికి ఆకులన్నీ వేయించిన అప్పడాల్లా అయ్యాయి.

నోటికొచ్చింది అన్నాను. అనకుండా ఎలా ఉంటాను, పూత మీదున్న పందిరి అది! గొర్రెకూ చెట్టుకూ తేడా తెలియదా, నీళ్ళు కలపకుండా నూనె పట్టిస్తారా, అదీ మిట్టమధ్యాహ్నం, అని పెరడంతా తిరుగుతూ తిట్టాను. మామ గొంగడి మీద కూర్చుని అన్నీ విన్నాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, మాడిన ఆకు ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"గొర్రె అయితే గీ పాటికి బూరు నిగనిగలాడేది బిడ్డా," అన్నాడు.

నవ్వు ఆపుకుందామని పెదవి కొరుక్కున్నాను. ఆగలేదు. నేను నవ్వితే మామ కూడా నవ్వాడు. మంద పోయిన తరువాత ఆయన నవ్వడం అదే మొదలు. పందిరి పోతే పోయింది అనిపించింది నాకు. రాత్రి జొన్నరొట్టె పూర్తిగా తిన్నాడు.

మాడిన తీగల్ని మొదళ్ళ దాకా కోసేశాం. వాన పడగానే పక్కల నుంచి కొత్త చిగుళ్ళు లేచాయి. చేసిన నష్టాన్ని కాపలా ఉండి తీర్చుకుంటానన్నట్టు మామ రోజూ పొద్దున్నే పందిరి కింద గొంగడి పరుచుకుని కూర్చునేవాడు. నాలుగు రోజులు కాకముందే చిగుళ్ళ మీద పేను మళ్ళీ కనబడింది. పేను వెంట నల్లచీమలు.

ఒకరోజు నేను పొయ్యి మీద పప్పు పెట్టి ఉన్నాను. మామ పెరట్లోంచి ఒకటే పిలుపు. పాము కనబడిందేమోనని కట్టె పట్టుకుని ఉరికాను. పాము లేదు, తేలు లేదు. నన్ను పక్కన కూర్చోబెట్టి ఒక చిగురు వంచి చూపించాడు. చిగురు నిండా పేను. వాటి మధ్య ఒక చీమ. అది తన మీసాలతో పేను వీపును మెల్లగా తట్టింది. పేను వెనక నుంచి నీటిబొట్టు లాంటిది ఊరింది. చీమ దాన్ని తాగి, పక్కదాని దగ్గరికి పోయి మళ్ళీ తట్టింది. నేను ఇన్నేళ్ళు చిక్కుడు పెట్టాను, చీమలూ పేనూ కలిసి ఉంటాయని తెలుసు. ఎందుకు ఉంటాయో మాత్రం ఎప్పుడూ కూర్చుని చూడలేదు. అంత తీరిక ఎక్కడిది!

మామ గుసగుసగా చెప్పుకుంటూ పోయాడు. పాలు పిండుతున్నాయట. నిన్న ముదిరిన తీగ మీదున్న పేనును నోట కరుచుకుని లేత తీగ మీదికి మార్చాయట, అంటే మేత మార్చాయన్నమాట. ఇంతలో ఎక్కడి నుంచో అక్షింతల పురుగు ఒకటి వచ్చి వాలింది. ఎర్రటి వీపు, దాని మీద నల్ల చుక్కలు, అక్షింత గింజ కంటే కొంచెం పెద్దది. పేనును పట్టుకుని తినేది అదే. అది వాలీ వాలకముందే చీమలు చుట్టుముట్టి, కాళ్ళు కొరికి, తరిమేశాయి. తోడేలును తరిమినట్టే. మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"బిడ్డా, గీ చీమలు మనోళ్ళే," అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి. ఆలోపు పప్పు మాడిపోయింది.

ఆ రోజు నుంచి మామ మనిషయ్యాడు. పొద్దున మొహం కడుక్కోకముందే పెరట్లో ఉండేవాడు. అన్నం తినేటప్పుడు చీమల ముచ్చట, పడుకునేటప్పుడు చీమల ముచ్చట. వాన వచ్చే ముందు మందను ఆకు కిందికి ఎలా తోలాయో, గాలికి కిందపడ్డ పేనును వెతికి ఎలా తీసుకుపోయాయో చెప్పేవాడు. దారిన పోయేవాళ్ళను కూడా పిలిచి చూపించేవాడు. శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. మామ ఆజ్ఞ లేనిదే మా పెరట్లో చీమైనా చచ్చేది కాదు.

బాగానే ఉంది కానీ, నా చిక్కుడు సంగతి? అంత మంచి కాపరులు దొరికాక మంద పెరగకుండా ఉంటుందా! పందిరంతా జిగురు పట్టింది. జిగురు మీద మసి లాంటి నలుపు కమ్మింది. కాయలు వంకర్లు తిరిగాయి. అంగట్లో ఆడవాళ్ళు కాయను చేతిలోకి తీసుకుని, వేళ్ళకు అంటిన జిగురు చీరకు తుడుచుకుని, మళ్ళీ గంపలో పడేసి పోయేవాళ్ళు. ఒకరోజు చీమల మందు పొట్లం కొనుక్కొచ్చాను. తెచ్చి గూట్లో పెట్టాను. రోజూ దాన్ని చూడడం, పెరట్లో గొంగడి మీద కూర్చున్న మామను చూడడం, ఊరుకోవడం. మా ఇంటాయన విసుక్కుని, నీతో కాకపోతే నేనే చల్లుతా అని పొట్లం తీశాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

"పందిరి పోతే ఇంకో పందిరి ఏసుకుంటం. ఆయన మళ్ళ మంచం పడితే ఏం జేస్తవ్?"

ఆయన పొట్లం మళ్ళీ గూట్లో పెట్టాడు. మా మాటలు మామ విన్నాడో, అంగట్లో అమ్ముడుపోక నేను తిరిగి మోసుకొచ్చిన గంప నిండుగా ఉండడం చూశాడో తెలియదు. మరునాడు పొద్దున చూద్దును కదా, పందిరి కింద మామ, చేతిలో అదే కానుగనూనె సీసా. మళ్ళీ నూనెనా మామా అన్నాను. ఆకుకు తాకించనులే, పో, అన్నాడు.

పాత ధోవతి చింపి పేలికలు చేశాడు. పందిరి గుంజలకూ తీగ మొదళ్ళకూ వాటిని చుట్టి, పైన నూనె అద్దాడు. పందిరి మీదున్న చీమల్ని కర్రతో తట్టి తట్టి కిందికి దులిపాడు. కిందపడ్డవి మళ్ళీ గుంజ ఎక్కాయి, నూనె పేలిక దాకా వచ్చి ఆగాయి, దాని చుట్టూ తిరిగాయి, దిగాయి, మళ్ళీ ఎక్కాయి. మంద పైన, కాపరులు కింద. పని అయిపోయాక మామ పందిరికి వీపు పెట్టి కూర్చున్నాడు. రొట్టె తీసుకుపోతే వద్దన్నాడు. పక్కన కూర్చున్నాను. గుంజ చుట్టూ తిరుగుతున్న చీమల్ని చూపించాడు.

"నా మందను నా మోకాలు ఎడబాపింది. ఎవ్వరినీ అననీకి లేదు. వీటిని మాత్రం నేనే ఎడబాపిన బిడ్డా."

నా చిక్కుడు కోసమే చేశాడని తెలుసు. చెంబుతో నీళ్ళిస్తే తాగాడు.

కాపరులు లేని మంద ఎన్నాళ్ళుంటుంది? అక్షింతల పురుగులు ఒకటొకటిగా వచ్చి పందిరంతా శుభ్రం చేశాయి. చిగుళ్ళు తేరుకున్నాయి, మళ్ళీ పూత పట్టింది. ఊళ్ళోవాళ్ళు వచ్చి భలే చేశావని మెచ్చుకుంటే మామ తల తిప్పుకునేవాడు. తోడేలుకు దారిచ్చి మెప్పు పొందుడు ఏం మర్యాద అనేవాడు. నాకు భయం, మళ్ళీ గోడవైపు తిరుగుతాడేమోనని. తిరగలేదు. ఒక సాయంత్రం దగ్గరికి వచ్చి, చిన్నపిల్లాడు పప్పుబెల్లాలు అడిగినట్టు అడిగాడు, కంచె పొంటి ఒక్క చిక్కుడు తీగ విడిచిపెడతావా అని. ఎందుకు మామా అంటే, "వాటికి. మేపుకోనీకి," అన్నాడు.

నవ్వలేదు నేను. గింజలు తెచ్చి చేతిలో పోశాను. పందిరికి దూరంగా, ముళ్ళకంచె పక్కన ఆయనే గుంత తీసి పెట్టాడు, ఆయనే నీళ్ళు పోశాడు. తీగ కంచె ఎక్కేసరికి పేను వచ్చింది, పేను వెనక చీమలు వచ్చాయి. ఆ తీగకు ఆయన గుడ్డ చుట్టలేదు, నేను కాయ తెంపలేదు. తరువాత ఏటేటా మా పెరట్లో మొదటి గింజ పడింది కంచె దగ్గరే, ఆ తరువాతే పందిరికి. మామ మళ్ళీ మంచం పట్టలేదు. పొద్దున కంచె దగ్గర, పొద్దెక్కాక పందిరి దగ్గర, ఆ రెండింటి నడుమే ఆయన చివరి ఏళ్ళు గడిచాయి. నా జీవితంలో నేను ఎవరికైనా ఇచ్చినవాటిలో ఆ ఒక్క తీగే గొప్పది.

అన్ని పురుగులూ ఆయనకు చుట్టాలే అనుకునేరు. ఎర్రచీమల పేరెత్తితే మండిపడేవాడు. అవి కాపరులు కావట, దొంగలట. నాటిన గింజను మొలవకముందే ఎత్తుకుపోతాయి, తీయబోతే కుడతాయి. వాటి పుట్టలో కాగిన నీళ్ళు పోసేటప్పుడు ఆయనకు కొంచెం కూడా జాలి ఉండేది కాదు. వంకాయ చెట్టు కొస వాడితే లోపల పురుగు తొలుస్తోందని అర్థం. రోజూ ఆ వాడిన కొసలు గిల్లి పొయ్యిలో వేసేవాడు. మా దగ్గర వంకాయ ఆకును జల్లెడ చేసే పురుగునూ అక్షింతల పురుగే అంటాం, పేనును తినేదాన్నీ అక్షింతల పురుగే అంటాం. నేను ఎన్నోసార్లు రెండింటినీ కలిపి నలిపేసేదాన్ని. ఆయన నా చెయ్యి ఆపి, నున్నగా మెరిసేదాన్ని వదిలేయమనేవాడు, నూగుతో మాసినట్టు ఉండేదాన్ని పట్టుకోమనేవాడు. పేరు ఒకటైతే గుణం ఒకటైతదా, మన ఊళ్ళె ఎందరు రాములు లేరు, అనేవాడు.

ఏ పురుగు కనబడినా నేను మందు కొట్టే పంపు కోసం ఉరికేదాన్ని. అప్పుడు ఆయన చెప్పే మాట ఒకటుంది. "తోడేలు ఒక్క గొర్రెనే ఎత్కపోతది. బెదిరిన కాపరి మందనంత పోగొట్టుకుంటడు." ఆ మాట విన్నాక పంపు దించి, ముందు ఆకు తిప్పి చూసేదాన్ని. ఇప్పుడూ అలాగే చేస్తున్నాను. పెరట్లోనే కాదు, ఇంట్లో పిల్లలతో పేచీ వచ్చినప్పుడు కూడా.

ఆ మాడిన పందిరి మాత్రం మా ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు, ఆయన మరవనివ్వలేదు. వేప కషాయం కలిపిస్తే, "గిది గొర్రెకా, చెట్టుకా?" అని అడిగిగానీ తీసుకునేవాడు కాదు. చివర్లో ఆయాసం ఎక్కువై పాలమూరు దవాఖానలో పెట్టినప్పుడు, సూది వేయడానికి వచ్చిన నర్సమ్మను కూడా, గొర్రెకా మనిషికా అని అడిగాడు. ఆ పిల్ల తెల్లమొహం వేసింది. నేనూ మా ఇంటాయనా ఆ మంచం పక్కన నిలబడి కడుపు పట్టుకుని నవ్వాం. ఇంటికి తీసుకుపొమ్మన్నారు, తీసుకొచ్చాం. కొంచెం తేరుకున్నాడు, రొట్టె అడిగాడు, నువ్వు అంగడి మానకు, కాయ ముదురుతది అన్నాడు. ఆ మాట నమ్మి నేను కోస్గికి పోయిన పొద్దునే ఆయన పోయాడు.

మా చెలక గట్టున మట్టి చేశాం. మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి అక్కడ పెడితే పిట్ట వచ్చి ముట్టాలి. ముడితే ఆయనకు ఏ కొదువా లేదని, తృప్తిగా పోయాడని మా నమ్మకం. జొన్నరొట్టె, మాంసం కూర, చిక్కుడుకాయ కూర, అన్నం విస్తరిలో పెట్టి దూరంగా కూర్చున్నాం. తుమ్మచెట్టు మీద కాకి ఒకటి కూర్చునే ఉంది. దిగదు. ఎండ ముదురుతోంది. కల్లు మరిచిపోయారని ఒకరంటే తెచ్చి పోశారు. దిగలేదు. కొడుకు మీద రంది ఉందేమోనని కులపెద్ద అంటే, మా ఇంటాయన లేచి, అన్నీ చూసుకుంటా నాయినా, ఫికర్ చేయకు అని దండం పెట్టాడు. దిగలేదు. చివరికి కాకి లేచి ఎటో ఎగిరిపోయింది. ఆడవాళ్ళు మళ్ళీ ఏడుపు అందుకున్నారు. ఏం మిగిలిపోయిందో, ఏ కోరికతో పోయాడో అని ఒకటే గుసగుసలు. మా ఇంటాయన తల పట్టుకుని కూర్చున్నాడు. మామ ఏ కొదువతో పోయి ఉంటాడా అని నేను విస్తరిలో పెట్టినవన్నీ మళ్ళీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకున్నాను.

అప్పుడు చూశాను. కొత్త మట్టి పక్కన నెర్రెలోంచి ఒక నల్లచీమ వచ్చింది. దాని వెనక ఇంకొకటి. చూస్తుండగానే వరస కట్టి విస్తరి ఎక్కాయి. కులపెద్ద చూసి, చీమలు పట్టినయి, దులిపి వేరే విస్తరి పెట్టుండ్రి అని వేపమండ అందుకున్నాడు. పెద్దల నడుమ ఆడవాళ్ళు మాట్లాడే జాగా కాదది, కోడలు అసలే కాదు. లేచి నిలబడ్డాను.

"ముట్టినయి. ఇగ లేవుండ్రి," అన్నాను.

కులపెద్ద చేతిలో మండ అలాగే ఆగిపోయింది. మా ఇంటాయన విస్తరి వైపు చూశాడు, నా వైపు చూశాడు. మోకాళ్ళ మీద వంగి నేలకు మొక్కి లేచాడు. ఆయన లేచాక ఒక్కొక్కరూ లేచారు.

పోయేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదంటారు. నేను చూశాను. నాలుగైదు చీమలు ఒక అన్నం మెతుకును పట్టుకుని మట్టి మీదుగా తీసుకుపోతున్నాయి. ఒక బెడ్డ అడ్డం వచ్చింది. మెతుకును కింద పెట్టకుండా చుట్టూ తిరిగి పోయాయి.